సీఆర్ఓ ముందు కూర్చున్న రోజులు

ఏసీ కరెంటు, అంటే దిక్కు మార్చుకుంటూ పారే కరెంటు, సైన్ వేవ్ అనే నున్నటి అలలా ఉంటుందని పుస్తకంలో చదివాం. బొమ్మ గీశాం, పైన ఒక పీక్, కింద ఒక పీక్ గుర్తుపెట్టాం, లెక్కలన్నీ చేశాం. కానీ ఆ వంపు నిజంగా తీగలో ఉంటుందా, లేక లెక్క కుదరడం కోసం పెద్దవాళ్ళు ఊహించుకున్న బొమ్మా అన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు అని ఒక అంకె చెప్పి ఊరుకునేది. ఆ 12 వెనక ఏం జరుగుతోందో అడిగితే దాని దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు చూపించింది మా ల్యాబ్‌లోని సీఆర్ఓ, అంటే కాథోడ్ రే ఆసిలోస్కోప్, వోల్టేజీ కాలంతో ఎలా మారుతోందో తెర మీద గీసి చూపించే పరికరం. 20 మెగాహెర్ట్జ్‌ల అనలాగ్ మోడల్. ఇప్పటి డిజిటల్ వాటిలా పలచగా, తేలిగ్గా ఉండేది కాదు. వెనక్కి పొడుగ్గా ఉండేది, ఎందుకంటే లోపల పిక్చర్ ట్యూబ్ అడ్డంగా పడుకుని ఉంటుంది. స్క్రీన్ మీద అడ్డంగా 10 గళ్ళు, నిలువుగా 8 గళ్ళు, ఒక్కో గడి ఒక సెంటీమీటరు. మధ్య గీతల మీద ఇంకా సన్నటి గుర్తులు, ఒక్కోటి గడిలో అయిదో వంతు. కుడివైపంతా నాబ్‌లు. ఆ నాబ్‌లు చూసే చాలామంది దూరంగా నిలబడేవాళ్ళు. నాకు మాత్రం వాటన్నిటినీ తిప్పి చూడాలని ఉండేది.

మా ల్యాబ్ సార్‌ది ఒక ప్రత్యేకమైన పద్ధతి. మేం వచ్చే ముందే ఆయన నాబ్‌లన్నీ ఇష్టం వచ్చినట్టు తిప్పి పెట్టేవారు. స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. "సిగ్నల్ సంగతి తర్వాత. ముందు గీత తీసుకురా నాన్నా" అనేవారు. అదే మా మొదటి పాఠం. ఇంటెన్సిటీ సగానికి పెట్టాలి. చానెల్ కప్లింగ్ స్విచ్‌ని, అంటే సిగ్నల్ లోపలికి ఎలా రావాలో చెప్పే స్విచ్‌ని, గ్రౌండ్‌కి తేవాలి, అప్పుడు బయటి నుంచి ఏ సిగ్నలూ లోపలికి రాదు. గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్ మోడ్ ఆటోలో ఉండాలి. నార్మల్‌లో ఉంటే సిగ్నల్ వచ్చేదాకా గీత గీయదు, స్క్రీన్ చీకటిగానే ఉంటుంది. అప్పటికీ కనిపించకపోతే గీత పైకో కిందికో పారిపోయిందని అర్థం. పొజిషన్ నాబ్‌ని మెల్లగా తిప్పుతూ పోతే ఎక్కడో అంచు నుంచి అది దిగుతుంది. ఫోకస్ సరిచేస్తే సన్నగా, పదునుగా అవుతుంది. ఈ వరుస చేతికి అలవాటైపోయాక, ఏ కంపెనీ సీఆర్ఓ ముందు కూర్చోబెట్టినా బెరుకు ఉండదు.

గీత వచ్చాక సార్ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఒక్కో గడికి ఎంత సమయమో చెప్పే టైమ్ పర్ డివిజన్ నాబ్‌ని ఎడమవైపుకి తిప్పుకుంటూ 0.2 సెకన్ల దగ్గరికి తెచ్చారు. అప్పటిదాకా గీతలా ఉన్నది గీత కాకుండా పోయింది. ఒక ఆకుపచ్చ చుక్క ఎడమ అంచున పుట్టి, తీరిగ్గా కుడివైపుకి నడిచి, మాయమై, మళ్ళీ ఎడమవైపు పుట్టింది. పది గళ్ళు దాటడానికి దానికి రెండు సెకన్లు. "ఉన్నది ఈ చుక్క ఒక్కటే. ఇది అడ్డంగా ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది. నువ్విచ్చే వోల్టేజీ దీన్ని పైకీ కిందికీ లాగుతుంది. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు" అన్నారు. తర్వాత నాబ్‌ని కుడివైపుకి ఒక్కో మెట్టు తిప్పారు. చుక్క పరుగు అందుకుంది, తోక వచ్చింది, చివరికి మళ్ళీ నిశ్చలమైన గీత అయిపోయింది.

అడ్డం అంటే కాలం, నిలువు అంటే వోల్టేజీ. ఈ మాట పుస్తకంలో ఒక లైను. చుక్క నడవడం చూశాక ఆ లైనుకి ప్రాణం వచ్చింది.

లోపల జరిగేది కూడా అంతే చక్కగా ఉంటుంది. ట్యూబ్ వెనక చివర వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. వాటిని సన్నటి కిరణంగా కూర్చి ముందుకు తరుముతారు. దారిలో రెండు జతల ప్లేట్లు. ఒక జత మీద రంపపు పళ్ళలాంటి వోల్టేజీ ఉంటుంది, నిదానంగా పెరిగి చటుక్కున పడిపోతుంది. చుక్క అడ్డంగా నడవడానికి అదే కారణం. రెండో జతకి మన సిగ్నల్ పెద్దదై వెళ్తుంది. చివర్లో ఎలక్ట్రాన్లు ఫాస్ఫర్ పూతని తాకిన చోట ఆకుపచ్చగా వెలుగుతుంది. ఈ ట్యూబ్‌ని 1897లో జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేశారు. ఆయన మొదటి ట్యూబ్‌లో కిరణం ఒక దిక్కులోనే కదిలేది, కాలం అక్షం కోసం తిరిగే అద్దంలో చూసేవారు. 1899లో ఆయన దగ్గర పనిచేసిన జొనాథన్ జెనెక్ రెండో దిక్కులో కూడా కదలిక జతచేశారు. బ్రౌన్‌కి 1909లో మార్కోనీతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది, అయితే అది వైర్‌లెస్ కోసం, ఈ ట్యూబ్ కోసం కాదు. నా దృష్టిలో ఈ ట్యూబ్ ఒక్కదానికే ఇంకో బహుమతి ఇవ్వాల్సింది.

ఆ తర్వాత ప్రోబ్, సిగ్నల్‌ని సీఆర్ఓలోకి తెచ్చే కొస ఉన్న తీగ. సార్ కప్లింగ్ స్విచ్ మార్చి, "కొసని వేలితో పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. గీత ఒక్కసారిగా ఉబ్బి అల అయింది. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, ఉన్నది నా వేలు ఒక్కటే. టైమ్ 5 మిల్లీసెకన్లలో ఉంది. ఒక పూర్తి అలకి సరిగ్గా నాలుగు గళ్ళు పట్టింది. నాలుగైదులు ఇరవై. 20 మిల్లీసెకన్లంటే 50 హెర్ట్జ్. గోడల్లో పారుతున్న కరెంటు గాలిలోంచే నా ఒంటిని తాకుతోంది, నా ఒళ్ళు ఏరియల్‌లా పట్టుకుంటోంది! చెయ్యి తీస్తే అల కుంగిపోయేది, పెడితే లేచేది. నా ల్యాబ్ పార్ట్‌నర్ "ఒరేయ్, నన్ను చూడనీ" అని పక్కకి నెట్టేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను.

నా పాత సందేహం తీరింది మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. సార్‌కి ఒక నియమం ఉండేది: ప్రోబ్ పెట్టే ముందు, ఏం కనిపిస్తుందో నోట్‌బుక్‌లో గీయాలి. గళ్ళు లెక్కపెట్టి మరీ గీయాలి. సెకండరీ, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు బయటికి వచ్చే చుట్ట, దగ్గర మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తోంది. అది ఆర్ఎంఎస్ విలువ, అంటే అంతే వేడి పుట్టించే డీసీ వోల్టేజీతో సమానమైన అంకె, దాన్ని 1.414తో గుణిస్తే పీక్ సుమారు 17, పైనుంచి కిందికి 34. గడికి 5 వోల్టులైతే ఏడు గళ్ళకి కొంచెం తక్కువ. నున్నటి సైన్ వేవ్ గీసి ఉంచాను. ప్రోబ్ పెట్టాం. దాదాపు ఏడు గళ్ళు, నిజంగానే అల. పుస్తకం చెప్పింది ఊహ కాదు! కానీ శిఖరాల దగ్గర చూస్తే కొద్దిగా నొక్కినట్టు బల్లపరుపుగా ఉంది. సార్‌ని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. టీవీలు, కంప్యూటర్లలాంటి వాటి పవర్ సప్లైలు అల శిఖరంలో ఉన్న కాసేపే కరెంటు లాక్కుంటాయి, అందరూ ఒకేసారి లాగేసరికి శిఖరం అణిగిపోతుంది అని చెప్పారు. పుస్తకంలోని అలకీ తీగలోని అలకీ మధ్య ఉన్న ఆ చిన్న తేడా నాకు ఎంతో విలువైనదిగా అనిపించింది. ముందు గీసి ఉండకపోతే ఆ తేడా నా కంటపడేదే కాదు.

ఇక ట్రిగ్గర్. సీఆర్ఓలో అన్నిటికంటే ముఖ్యమైనది ఏది అంటే నేను సందేహం లేకుండా దీన్నే చెబుతాను. చాలామంది వోల్ట్ నాబ్, టైమ్ నాబ్ నేర్చుకుని ట్రిగ్గర్‌ని అదృష్టానికి వదిలేస్తారు. అల స్క్రీన్ మీద పరిగెడుతూ ఉంటుంది, లేదా నాలుగైదు అలలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోతాయి. అక్కడే విసుగు పుడుతుంది.

సార్ దీన్ని ఊయలతో చెప్పారు. ఊగుతున్న ఊయలని ఎప్పుడుపడితే అప్పుడు ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఊయల ముందుకు వస్తూ ఫలానా చోటు దాటినప్పుడే ప్రతిసారీ నొక్కితే అన్ని ఫోటోలూ ఒక్కటిగా కనిపిస్తాయి. ఆ ఫలానా చోటే లెవెల్ నాబ్. ముందుకు వస్తూనా, వెనక్కి వెళ్తూనా అన్నది స్లోప్ స్విచ్. చుక్క ఎడమ అంచు దగ్గర కాచుకుని ఉంటుంది. సిగ్నల్ మనం చెప్పిన వోల్టేజీని, మనం చెప్పిన దిక్కులో దాటిన క్షణంలో బయలుదేరుతుంది. ప్రతి చుట్టూ అలలో ఒకే చోట మొదలవుతుంది కాబట్టి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి, అల కదలకుండా నిలబడుతుంది.

లెవెల్ నాబ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతుంటే అల మొదలయ్యే చోటు వంపు మీద పైకి పాకుతూ పోవడం చూశాను. శిఖరం దాటించగానే పట్టు తప్పి అల పరుగు అందుకుంది. కొంచెం వెనక్కి తిప్పితే టక్కున ఆగింది. స్లోప్ మారిస్తే తలకిందులైనట్టు కింది వైపుకి మొదలైంది. ఆ సాయంత్రం నేను వేరే ప్రయోగం ఏదీ చేయలేదు, ఇదొక్కటే చేస్తూ కూర్చున్నాను. తర్వాత తెలిసింది, పాతకాలపు సీఆర్ఓలలో స్వీప్, అంటే చుక్క అడ్డంగా నడిచే నడక, తనంతట తాను తిరుగుతూనే ఉండేదట, అలకి దాన్ని జతకలపడానికి నానా తంటాలు పడేవారట. 1946లో హోవర్డ్ వాలమ్, జాక్ మర్డాక్ మొదలైనవాళ్ళు అమెరికాలో టెక్ట్రానిక్స్ పెట్టారు. 1947లో వాళ్ళు తెచ్చిన 511 మోడల్‌తో సిగ్నల్ కోసం కాచుకుని బయలుదేరే ఈ స్వీప్ ఇంజనీర్ల చేతికి విరివిగా అందింది. అది వాడిన వాళ్ళకి మొదటిసారి అల కుదురుగా నిలబడినప్పుడు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను.

ప్రోబ్ సర్దడం కూడా మాకు పూజలా నేర్పారు. ప్యానెల్ మీద చిన్న లోహపు కొక్కెం ఉంటుంది, దాని దగ్గర 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్, అంటే చదరపు మూలలున్న అల, ఎప్పుడూ వస్తూ ఉంటుంది. సిగ్నల్‌ని పదోవంతు చేసే 10ఎక్స్ ప్రోబ్‌ని దానికి తగిలించి, ప్రోబ్ మీదున్న చిన్న స్క్రూని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. ఒకవైపు తిప్పితే స్క్వేర్ మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. రెండోవైపు తిప్పితే మూలల్లో కొమ్ములు మొలుస్తాయి. రెండింటి మధ్యలో ఒకచోట మూల కత్తితో కోసినట్టు నిలుస్తుంది. ప్రోబ్‌లో 9 మెగా ఓమ్‌ల రెసిస్టర్, సీఆర్ఓ లోపల 1 మెగా ఓమ్, రెండూ కలిసి సిగ్నల్‌ని పదోవంతు చేస్తాయి. కానీ సీఆర్ఓ ఇన్‌పుట్‌లో కొద్దిపాటి కెపాసిటెన్స్ కూడా ఉంటుంది. దానికి తగ్గట్టు ప్రోబ్‌లోనూ కెపాసిటెన్స్ సరిపోతేనే అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. ఇది చేయకుండా కొలిచిన కొలత మీద నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ప్రోబ్‌కి ఉండే నల్ల క్లిప్పు గురించి మాత్రం సార్ గొంతు మారిపోయేది. ఒక మల్టీమీటర్ తీసుకుని, ఒక కొస ప్రోబ్ క్లిప్పుకి, రెండోది ప్లగ్ తీసిన సీఆర్ఓ ఎర్త్ పిన్నుకి పెట్టి చూపించారు. బీప్ మోగింది. అంటే ఆ క్లిప్పు నేరుగా ఎర్త్. దాన్ని సర్క్యూట్‌లో ఎక్కడ తగిలిస్తే అక్కడ ఎర్త్ చేసినట్టే. రెండు చానెళ్ళ క్లిప్పుల మధ్య పెట్టినా బీప్ మోగింది, రెండూ లోపల ఒకటే. మెయిన్స్ లైవ్‌కి ఆ క్లిప్పు తగిలితే షార్టే. దీన్ని తప్పించుకోవడానికి కొందరు ఎర్త్ పిన్ను తీసేసి సీఆర్ఓ వాడతారు. అది ప్రాణాలతో చెలగాటం, ఎందుకంటే అప్పుడు సీఆర్ఓ ఒంటి మీదకే కరెంటు రావచ్చు. ఎర్త్ కాని రెండు పాయింట్ల మధ్య కొలవాలంటే రెండు ప్రోబ్‌లు పెట్టి, రెండో చానెల్‌ని ఇన్వర్ట్ చేసి, యాడ్ మోడ్‌లో తేడా చూడాలి. మెయిన్స్ లాంటి చోట్ల దానికి తగ్గ డిఫరెన్షియల్ ప్రోబే వాడాలి.

ప్రయోగాల్లో నాకు బాగా ఇష్టమైనది ఆర్‌సీ సర్క్యూట్, రెసిస్టర్ గుండా కెపాసిటర్ నిండే సర్క్యూట్. చాలా చిన్నది, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. రెండిటినీ గుణిస్తే 1 మిల్లీసెకను, కెపాసిటర్ 63 శాతం నిండడానికి పట్టే సమయం అదే. ఫంక్షన్ జనరేటర్ నుంచి 0కీ 5 వోల్టులకీ మధ్య 100 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చాం. గడికి 1 వోల్టు, గడికి అర మిల్లీసెకను. ఎప్పటిలాగే ముందు గీశాం: 1 మిల్లీసెకనుకి 63 శాతం, అంటే రెండు గళ్ళు నడిచేసరికి మూడు గళ్ళు దాటి ఇంకొంచెం ఎక్కాలి. ఇంకో రెండు గళ్ళకి నాలుగు దాటి మూడోవంతు. స్క్రీన్ మీద కెపాసిటర్ వోల్టేజీ మొదట గబగబా లేచి, పైకి పోయేకొద్దీ అలిసిపోయినట్టు నెమ్మదించింది. రెండో నిలువు గీత దగ్గర కళ్ళు చిట్లించి చూశాను. మూడు గళ్ళు, పైన ఒక సన్న గుర్తుకి కాస్త తక్కువ. 3.16 వోల్టులు రావాలి, అక్కడే ఉంది. లెక్కల క్లాసులో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆ 'ఈ' అనే సంఖ్య (2.718...), ఆ 63 శాతానికి మూలమైనది, పావలా కాసంత లేని కెపాసిటర్ లోపల కూర్చుని ఉంది.

రికార్డులో వేయడానికి అప్పుడు ఫోటోలు లేవు. స్క్రీన్ మీద ట్రేసింగ్ పేపర్ అతికించి, మెత్తటి పెన్సిల్‌తో గీత వెంట దిద్దుకునేవాళ్ళం. గాజు మందం వల్ల తల కదిలిస్తే గీత జరిగినట్టు కనిపించేది, అందుకని ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా గీయాలి. అలా చేత్తో దిద్దిన వంపులు మనసులో నాటుకుపోయాయి. స్క్రీన్‌షాట్ తీసుకున్న వంపులు అలా గుర్తుండవు, ఇది నా అనుభవం.

ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దగ్గర ఏసీ కప్లింగ్ ఎంత ఉపయోగమో తెలిసింది. 12 వోల్టుల డీసీ మీద ఉన్న చిన్న రిప్పుల్‌ని, అంటే మిగిలిపోయిన హెచ్చుతగ్గుల్ని, డీసీ కప్లింగ్‌లో చూస్తే గీత కాస్త లావుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. ఏసీకి మార్చగానే ఆ 12 వోల్టులు తప్పుకుని, రిప్పుల్ ఒక్కటే గీత మధ్యకి వస్తుంది. అప్పుడు గడికి 50 మిల్లీవోల్టులు పెట్టుకుని ఎంత పెద్దదిగా కావాలంటే అంత పెద్దదిగా చూడొచ్చు. ఫుల్ వేవ్ కాబట్టి అది 10 మిల్లీసెకన్లకి ఒకసారి, అంటే 100 హెర్ట్జ్‌తో వస్తుంది. రేడియోలో వినిపించే గుర్రుమనే మోత ఏమిటో అక్కడ కంటితో చూశాను. ఒక సిగ్నల్ అడ్డంగా, ఇంకోటి నిలువుగా చుక్కని లాగే ఎక్స్-వై మోడ్‌లో రెండు జనరేటర్లు కలిపి లిస్సాజూ అనే మెలికల బొమ్మలు కూడా వేశాం. చూడముచ్చటగా ఉండేవి, రెండు జనరేటర్లూ పూర్తిగా ఒకేలా తిరగవు కాబట్టి బొమ్మ నెమ్మదిగా దొర్లుతూ ఉండేది.

సిగ్నల్‌ని గుర్తుంచుకుని చూపించే డిజిటల్ స్టోరేజ్ ఆసిలోస్కోప్ నా చేతికి వచ్చింది ఉద్యోగంలో చేరాక. అనలాగ్‌లో ఒక్కసారే జరిగి పోయే సంఘటన ఒక మెరుపులా వచ్చి పోతుంది, పట్టుకోలేం. కొత్తదానిలో సింగిల్ బటన్ నొక్కి, ఒక పుష్ బటన్ స్విచ్‌కి ప్రోబ్ తగిలించాను. స్విచ్ నొక్కాను. తెర మీద ఒకే ఒక్క మెట్టు రావాలి కదా? బదులుగా పైకీ కిందికీ ముళ్ళకంచెలా గీతలు, కొన్ని మిల్లీసెకన్ల పాటు, ఆ తర్వాతే కుదురుకుంది. లోపలి లోహపు రేకులు తాకి, ఎగిరి, మళ్ళీ తాకుతున్నాయి. ప్రోగ్రాముల్లో డిబౌన్స్, అంటే ఆ గెంతుల్ని పట్టించుకోకుండా కాసేపు ఆగే కోడ్, ఎందుకు రాస్తారో ఆ ఒక్క బొమ్మ చూస్తే చాలు.

అయితే డిజిటల్‌లో ఒక జాగ్రత్త. అది సిగ్నల్‌ని గీయదు, మధ్యమధ్యలో శాంపిల్స్ తీసుకుని కలుపుతుంది. టైమ్ నాబ్ బాగా నెమ్మదిగా పెడితే శాంపిల్స్ పలచబడి, మెగాహెర్ట్జ్ సిగ్నల్ కూడా తీరిగ్గా ఊగే అలలా కనిపిస్తుంది. ట్రిగ్గర్‌కి నిలవకుండా జారుతున్న అందమైన అల కనిపిస్తే నాకు అనుమానం వస్తుంది. వెంటనే టైమ్ నాబ్‌ని వేగం వైపుకి తిప్పి చూస్తాను. నిజమైన అలే అయితే సాగుతుంది, కాకపోతే ఆకారమే మారిపోతుంది.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు నాబ్‌లన్నీ దానంతట అదే సర్దే ఆటో సెట్ బటన్‌తో మొదలుపెడతారు. నేను దాన్ని వాడొద్దని చెప్పను, కానీ మొదటి వారం నా పక్కన కూర్చుంటే మాత్రం సార్ పద్ధతే. నాబ్‌లు చెదరగొట్టి గీత తీసుకురమ్మంటాను, ప్రోబ్ పెట్టే ముందు గీయమంటాను. ఈమధ్య ఒక అమ్మాయి చేస్తున్న బోర్డు నుంచి కంప్యూటర్‌కి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. కోడ్ అంతా చూసుకుంది, వైర్లు మార్చింది. "ఏం కనిపించాలో గీయమ్మా" అన్నాను. 9600 బాడ్, అంటే సెకనుకి 9600 బిట్లు కాబట్టి ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు అని కాగితం మీద మెట్లు గీసింది. ప్రోబ్ పెట్టి, ఖాళీగా ఉన్న లైన్ పైనుంచి కిందికి పడగానే పట్టుకునేలా స్లోప్ మార్చి, లెవెల్ మధ్యకి తెచ్చి, సింగిల్ నొక్కింది. మెట్లు వచ్చాయి. అన్నిటికంటే సన్నటి మెట్టుని కర్సర్లతో కొలిచి, "52 వస్తోంది సార్" అంది, ఆ వెంటనే తనే "19200!" అని కుర్చీలోంచి లేచింది. బోర్డు క్లాక్ సెట్టింగ్‌లో ఒక విభజన సగమే జరుగుతోంది. అది సరిచేసి మళ్ళీ కొలిచింది. 104.